యాంటీవైరస్‌ను సాంతం తొలగించాలంటే...

బెజవాడలో సెకండ్‌హ్యాండ్ ల్యాప్‌టాప్ కొంటే, పాత యజమాని వేసుకున్న యాంటీవైరస్ కూడా దానితోపాటు మన రూముకు వస్తుంది. గడువు తీరినా మెమరీని వదలదు. దానిమీద మనం ఇంకొకటి వేస్తే, కాలువ తూము దగ్గర ఇద్దరు లస్కర్లు చెరోవైపు తలుపు తిప్పినట్టే. సిస్టమ్ నత్తనడక నడుస్తుంది. ఫార్మాట్ చేద్దామని సలహా ఇచ్చేవాళ్లు చాలామంది. లోపలున్న ప్రాజెక్టు రిపోర్టు సంగతి? తమ్ముళ్లూ, అంత అవసరం లేదు.

వైరస్‌లు తనను చెరపకుండా యాంటీవైరస్ విండోస్ లోపలి పొరల్లో డ్రైవర్లు దించి, తన ఫైళ్లకు తానే తాళం వేసుకుంటుంది. అందుకే ఫోల్డర్ డిలీట్ చేస్తే పోదు. మనం డబ్బు పెట్టి కొన్నదైతే ముందు లైసెన్సు నంబరు రాసుకోవాలి. సెల్ఫ్ ప్రొటెక్షన్ ఆపి, కంట్రోల్ ప్యానెల్‌లో అన్‌ఇన్‌స్టాల్ చేసి, రీస్టార్ట్ చేయాలి. క్విక్ హీల్ అయితే అప్‌డేట్ ఫైళ్లు ఉంచాలా, పూర్తిగా తీసేయాలా అని అడుగుతుంది, రెండోదే నొక్కండి.

ఇంకా అవశేషాలుంటే కంపెనీ రిమూవల్ టూల్ వాడాలి. మెకాఫీకి ఎం.సి.పి.ఆర్., అవాస్ట్‌కు సేఫ్ మోడ్‌లో నడిచే అవాస్ట్ క్లియర్ ఉన్నాయి. కంపెనీ సొంత సైటు నుంచే దించుకోవాలి. పెన్‌డ్రైవ్‌లో ఎవరో ఇచ్చిన టూల్‌ను మేమైతే నమ్మం.

తర్వాత విండోస్ 10, 11లలో డిఫెండర్ మామూలుగా తనంతట తానే మేలుకుంటుంది. మేలుకుందో లేదో విండోస్ సెక్యూరిటీలో చూశాకే నెట్ కలపండి.