ఎత్తుల పటమునుండి నేల రూపము



మీ యూరి చెరువునకు పూడిక తీయవలెనా, అలుగు ఎత్తు పెంచవలెనా యని పెద్దలు కూర్చుండి ఆలోచించుచున్న వేళ, చదువుకొన్న యువకుడొకడు కంప్యూటరు తెచ్చి ఊరి నేలయంతయు బొమ్మగా చూపినాడనుకొనుడు. బొమ్మలో గుట్ట యున్నది, వాగు ఉన్నది. తాతలనాటి చెరువుకట్ట మాత్రము లేదు. బొమ్మను నమ్మవలెనా, కట్టను నమ్మవలెనా? దీనికి జవాబు చెప్పుటకు ఆ బొమ్మ యెట్లు పుట్టునో, దానిని గీయు ఉపకరణములను ఎట్లు ఎన్నుకొనవలెనో తెలియవలెను. ఈ పని కొంతకాలముగా చేయుచున్నవాడను గనుక నాకు తెలిసినంత మనవి చేసెదను.

నేలను చదరపు గడులుగా విభజించి, ఒక్కొక్క గడిలో ఆ చోటి యెత్తును అంకెగా వేసినచో అది ఎత్తుల పటమగును. 2000 సంవత్సరము ఫిబ్రవరిలో ఎండెవర్ అను అమెరికా వ్యోమనౌక 11 దినములు భూమిని చుట్టుచు, రాడారుతో భూభాగములో నూటికి 80 వంతుల యెత్తులను కొలిచినది. తెలుగునాడంతయు అందులో చేరినది. ఆ యంకెలు నేడు ఎవరికైనను ఉచితముగా లభించును. గడి ప్రక్క సుమారు 30 మీటర్లు. అక్షాంశ రేఖాంశములలో ఒక్కొక్క డిగ్రీ గల తునకయందు ప్రక్కకు 3,601 చొప్పున 1 కోటి 29 లక్షలకు పైగా అంకెలుండును.

ఈ యంకెలను బట్టి ఇటుకలు పేర్చినట్లు చిన్న ఘనములను పేర్చినచో నేల రూపము లేచును. ఈ ఘనమునకే వాక్సెల్ అని పేరు. 1,000 గడుల పొడవు, 1,000 గడుల వెడల్పు, 500 ఘనముల ఎత్తు గల చోటిని ఘనములుగా దాచినచో 50 కోట్లగును. ఎత్తుల పటముగా దాచినచో 10 లక్షల అంకెలే చాలును. 1992లో వచ్చిన కమాంచి అను హెలికాప్టరు ఆట ఈ లాఘవముతోనే ఆనాటి సాధారణ కంప్యూటర్లపై కొండలను, లోయలను గీసినది. దగ్గరి గట్టు మరుగుపరచిన నేలను గీయక విడుచుటయే ఇందలి కిటుకు. పొలమున నిలిచిన రైతు కన్నును అట్లే చూచును గదా!

అయితే ఎత్తుల పటమున ఒక చోటికి ఒకే యెత్తు. నంద్యాల జిల్లాలోని బెలుము గుహలు నేలలోపల 3 కిలోమీటర్లకు పైగా సాగినవి. పటమున వాని జాడయే కానరాదు. ఘనముల పేర్పులో బోలు చోటు ఉంచవచ్చును గాని, దానిని వేరుగా కొలిచి తేవలెను.

ఇక ఉపకరణములు. లోపలి రచన అందరికి తెరచియుంచబడి, వాడుటకు, మార్చుటకు, పంచుటకు అనుమతి గలవానిని ఓపెన్ సోర్స్ అందురు. 2002లో ఆరంభమైన క్యూజీఐఎస్ ఎత్తుల పటమును తెరచి, కావలసిన ఊరిమేర కత్తిరించి యిచ్చును. బ్లెండరు ఆ యంకెలతో నేలను ఎత్తి, ఘనములుగా మార్చి చూపును. 2002లో ప్రజలు 1 లక్ష యూరోలు చందా వేసికొని దాని లోపలి రచనను విడిపించిరి. 2010లో మైన్‌టెస్ట్ అను పేరుతో పుట్టి, 2024లో లువాంటి యని పేరు మార్చుకొన్న ఉపకరణము ఘనముల లోకమునే కట్టును; అందులో నడువవచ్చును, త్రవ్వవచ్చును.

ఎన్నుకొనునపుడు మూడు సంగతులు చూడవలెను. మొదటిది అనుమతి పత్రము; ఉచితముగా దొరికినదెల్ల స్వేచ్ఛ గలది కాదు. రెండవది, దానిని నేటికిని సరిదిద్దువారున్నారా యనునది. మూడవది, ఎత్తును ఎన్ని మెట్లుగా చదువుననునది. సాధారణమైన నలుపు తెలుపు బొమ్మలో 256 మెట్లే యుండును. 600 మీటర్ల యెత్తును అందులో ఇమిడించినచో ఒక్కొక్క మెట్టు 2 మీటర్లు దాటును. 16 బిట్ల పటమున 65,536 మెట్లుండును. నేను మొదట ఈ భేద మెరుగక, గుట్ట మెట్లుమెట్లుగా వచ్చినపుడు ఉపకరణమును నిందించితిని. తప్పు నేనిచ్చిన బొమ్మలో నున్నది.

ఇప్పుడు చెరువుకట్ట సంగతి. 10 మీటర్ల వెడల్పు గల కట్ట 30 మీటర్ల గడిలో చుట్టుప్రక్కల నేలతో కలిసిపోవును. చెట్లు గుబురుగా నున్నచోట ఎత్తు కొంత హెచ్చుగా పడును. 2000 తరువాత త్రవ్వినది, పోసినది అందులో నుండనే యుండదు. కావున కట్ట కానరాకుండుట కట్ట లోపము కాదు, ఆ యువకుని లోపమును కాదు, గడి పెద్దది.

అతనిని నిరుత్సాహపరుపకుడు. గడి యెంత, కొలత ఏ సంవత్సరమునాటిది, మెట్లెన్ని యని యడుగుడు. పిదప కట్టమీదికి తోడ్కొనిపోయి, లెవెలు యంత్రముతో కొలిపించి, ఆ యంకెలను పటమున చేర్పుడని చెప్పుడు. ఉపకరణములు తెరచియున్నవి గనుక అడ్డుచెప్పు వారుండరు. గుట్టనుండి నీరు ఏ దారిని దిగునో తెలిసికొనుటకు బొమ్మ మంచి సాయము. అలుగు ఎత్తు నిర్ణయించుటకు మాత్రము కట్టమీద కొలిచిన కొలతయే ఆధారము కావలెను.