మీల్ మేకర్ మాంసానికి సాటి వస్తుందా?

100 గ్రాముల మీల్ మేకర్‌లో సుమారు 52 గ్రాముల మాంసకృత్తులుంటాయి. పచ్చి మేక మాంసంలో సుమారు 20 గ్రాములే. అయితే ఈ పోలిక సరైనది కాదని గమనించండి. మీల్ మేకర్ ఎండు పదార్థం. నానితే దాని బరువు మూడింతలైందనుకుందాం. అప్పుడు 100 గ్రాములకు దాదాపు 17 గ్రాములే వస్తాయి. మాంసం ఉడికేటప్పుడు నీటిని కోల్పోతుంది కనుక అందులో మాంసకృత్తుల శాతం పెరుగుతుంది.

నాణ్యతలో మాత్రం సోయా తక్కువేమీ కాదు. ఆవశ్యక అమైనో ఆమ్లాలన్నీ ఇందులో ఉన్నాయి. పీచు ఉంది, కొలెస్టరాల్ లేదు. ఇనుము ఉన్నా ఫైటేట్ల వల్ల ఒంటికి తక్కువగా పడుతుంది. కూరలో నిమ్మరసం పిండుకుంటే ఆ లోటు కొంత తీరుతుంది.

అసలు లోటు విటమిన్ బి12. ఇది సోయాలో సహజంగా ఉండదు. దీని లోపం రక్తహీనతకు, నరాల దెబ్బకు దారితీస్తుంది. కనుక మాంసం మానేవారు పాలు, పెరుగు, గుడ్లు తీసుకోవాలి. అవీ తిననివారికి వైద్యుని సలహాతో బి12 మాత్రలు అవసరం.