పగడపు దిబ్బల చెంతకు వెళ్తున్నారా? ఊపిరి బిగపట్టరాదు!

ఈపూరు: సాగర్‌ కాలువల్లో, ఊరి బావుల్లో ఈత నేర్చిన పల్నాటి యువకులకు నీరంటే జంకు లేదు. అయితే సెలవుల్లో అండమాన్‌ దీవులకు వెళ్లి, స్కూబా డైవింగ్‌ ద్వారా పగడపు దిబ్బలను తిలకించాలనుకునేవారికి ఆ ఈత నేర్పిన ఒక అలవాటు ప్రాణాంతకం కాగలదు. అదే ఊపిరి బిగపట్టడం.

మన తీరాన ఎందుకు లేవు?

పగడపు దిబ్బలు వట్టి రాళ్లు కావు. పాలిప్స్‌ అనే చిన్న జీవులు సున్నపు గూళ్లు కట్టుకుంటూ తరతరాలుగా పేర్చిన కట్టడాలవి. వాటి దేహంలో నివసించే సూక్ష్మ శైవలాలు సూర్యకాంతితో ఆహారం తయారుచేసి వాటికి అందిస్తాయి. అందువల్ల వెచ్చని, ఉప్పని, తేట నీటిలోనే ఇవి వర్ధిల్లుతాయి. కృష్ణా, గోదావరి నదులు మోసుకొచ్చే మంచినీరు, ఒండ్రుమట్టి డెల్టాకు సిరులు కురిపించినా, పగడాలకు గిట్టవు. సూర్యలంక తీరాన పగడపు దిబ్బలు లేకపోవడానికి ఇదే కారణం. విశాఖ చెంత రుషికొండ వద్ద డైవింగ్‌ సదుపాయం ఉన్నా, అక్కడ ప్రధానంగా కనిపించేవి రాతి బండలే.

ఎక్కడ చూడవచ్చు?

ఆస్ట్రేలియాలోని గ్రేట్‌ బారియర్‌ రీఫ్‌ సుమారు 2,300 కిలోమీటర్ల పొడవున విస్తరించి ఉంది. మన దేశంలో మన్నార్‌, కచ్‌ సింధుశాఖలు, లక్షద్వీప్‌, అండమాన్‌ నికోబార్‌ దీవులు పగడాలకు నెలవులు. 2024లో శ్రీ విజయపురంగా పేరు మారిన పోర్ట్‌ బ్లెయిర్‌ నుంచి పడవలో స్వరాజ్‌ ద్వీప్‌ చేరవచ్చు. 2018 వరకు దాని పేరు హేవ్‌లాక్‌. అక్కడి విజయనగర్‌, గోవిందనగర్‌ తీర గ్రామాలు డైవింగ్‌కు కేంద్రాలు. 2011 జనాభా లెక్కల ప్రకారం ఆ దీవుల్లో వందకు సుమారు 13 మంది మాతృభాష తెలుగే.

నీటి అడుగున ఏం జరుగుతుంది?

వీపున కట్టుకునే సిలిండర్‌లో ఉండేది ఆక్సిజన్‌ అని పలువురు భావిస్తారు. సాధారణంగా అందులో ఉండేది ఒత్తిడితో నింపిన మామూలు గాలి. 10 మీటర్ల లోతుకు దిగేసరికి దేహంపై పీడనం రెట్టింపవుతుంది. అక్కడ పీల్చిన గాలి పైకి వచ్చేసరికి రెండింతలుగా వ్యాకోచిస్తుంది. ఆ సమయంలో ఊపిరి బిగపడితే ఊపిరితిత్తులు చిట్లే ప్రమాదం ఉంది. కాబట్టి నీటిలో ఉన్నంతసేపూ శ్వాస ఆపరాదు. హఠాత్తుగా పైకి రారాదు. చెవి నొప్పి మొదలైతే దిగడం ఆపి శిక్షకునికి సైగ చేయాలి.

మరుసటి రోజే విమానం

పీల్చిన గాలిలోని నత్రజని లోతులో రక్తంలో కరుగుతుంది. గోళీ సోడా మూత తీయగానే బుడగలు పొంగినట్లు, పీడనం ఒక్కసారిగా తగ్గితే నత్రజని బుడగలై కీళ్లను, నరాలను దెబ్బతీస్తుంది. విమానంలోనూ పీడనం తక్కువే. ఒక్కసారి మునిగినవారు కనీసం 12 గంటలు, పలుమార్లు మునిగినవారు 18 గంటలు విమానం ఎక్కరాదన్నది డైవింగ్‌ నిపుణుల సూచన. ఒక రోజు పూర్తిగా ఆగడం మరింత క్షేమం. అందుకే డైవింగ్‌ను యాత్ర ఆరంభంలో ముగించి, సెల్యులార్‌ జైలు సందర్శనను చివరి రోజుకు ఉంచుకోవడం మేలు.

ఇవి మరువరాదు

తొలిసారి దిగేవారికి ఈత రాకున్నా శిక్షకుడు వెంట ఉండి 12 మీటర్లలోపు తిప్పుతారు. ఆస్తమా, గుండె జబ్బులు ఉన్నవారు ముందుగా వైద్యుని అనుమతి పొందాలి. గర్భిణులు, జలుబుతో బాధపడేవారు దిగరాదు. మద్యం సేవించి దిగడం అత్యంత ప్రమాదకరం.

పగడాలను తాకరాదు, వాటిపై నిలబడరాదు. సముద్రం వేడెక్కడంతో 2010, 2016 సంవత్సరాల్లో అండమాన్‌ పగడాలు తెల్లబారి తీవ్రంగా దెబ్బతిన్నాయి. వన్యప్రాణి సంరక్షణ చట్టం–1972 వాటికి రక్షణ కల్పిస్తోంది. జ్ఞాపకంగా ఒక ముక్క తెచ్చుకున్నా నేరమే.