శరీరపు కాంటా

వరంగల్లు ఎనుమాముల మార్కెట్టుకు వచ్చిన మిర్చి బస్తాను కాంటాపై నిలిపి తూచెదరు. మనిషి శరీరమునకు అట్టి కాంటా లోపలనే కలదు. దినమునకు 2,000 కిలోకెలోరీల ఆహారము తినువాడు ఏడాదికి 7,30,000 కిలోకెలోరీలు తినును. ఒక కిలో కొవ్వులో నిలువయుండు శక్తి సుమారు 7,700 కిలోకెలోరీలు. అనగా స్థూలముగా చూచినచో, లెక్క నూటికి ఒక పాలు తప్పినను ఏడాదిలో కిలో బరువు హెచ్చవలెను, లేదా తగ్గవలెను. కెలోరీలు లెక్కించి అన్నము తినువారు అరుదు. అయినను పెక్కుమంది బరువు ఏండ్ల తరబడి అంతగా మారదు. ఈ లెక్క చూచునది మెదడు.

మెదడు అడుగున బాదంపప్పంత హైపొథాలమస్ అను భాగమున్నది. కడుపు ఖాళీ అయినపుడు జీర్ణాశయమునుండి గ్రెలిన్ అను హార్మోను వెలువడి ఆకలి పుట్టించును. ఇది పూటపూటకు వచ్చు కబురు. కొవ్వుకణములు పంపు లెప్టిన్ అట్టిది కాదు. అది గాదెలో గింజలెన్ని ఉన్నవో తెలుపును. కొవ్వు తరిగినచో లెప్టిన్ తగ్గును. అప్పుడు హైపొథాలమస్‌లోని ఒక జట్టు నాడీకణములు ఆకలిని పెంచి, శరీరము ఖర్చుచేయు శక్తిని కుదించును. కొవ్వు పెరిగినపుడు దీనికి ఎదురుగా పనిచేయు మరొక జట్టు కలదు. కాని మొదటి జట్టే గట్టిది. కరవులు చూచిన జాతికి అది సహజమే.

ఈ కబురు చెడినచో ఏమగునో హైదరాబాదులోని ఎలుకలు చూపినవి. 1958లో కూనూరునుండి అక్కడకు తరలివచ్చిన పరిశోధనశాలయే నేటి జాతీయ పోషకాహార సంస్థ. అందు పెంచు ఎలుకలలో 1996లో వంశపారంపర్యముగా లావెక్కు ఎలుకలు కనిపించెను. వాటి మేత తక్కిన ఎలుకల మేతయే. కాని అవి విపరీతముగా తినును. కిలో దాటి తూగినవియు ఉన్నవి. తిండిపోతు ఎలుకలని తోసివేయవచ్చును. రక్తము పరీక్షించగా లెప్టిన్ మిక్కుటముగా ఉన్నది! గాదె నిండినదను కబురు వెళ్లుచున్నను మెదడు దానిని ఆలకించుట లేదు.

అమెరికాలో 1950లో వెల్లడియైన లావు చిట్టెలుకల సంగతి వేరు. వాటిలో పనిచేయు లెప్టినే లేదని 1994లో జెఫ్రీ ఫ్రీడ్మన్ బృందము కనుగొన్నది. లెప్టిన్ ఎక్కించినంతనే అవి తిండి తగ్గించి చిక్కిపోయెను. అట్టి లోపముతో పుట్టిన పిల్లలును బహు అరుదుగా కలరు. వారికి ఈ మందు చక్కగా పనిచేయును. తరగతిలో "తిండిపోతు" అని వెక్కిరింపబడు సామాన్య స్థూలకాయునికి మాత్రము ఇది పనికిరాదు. అతని రక్తములో లెప్టిన్ ఇదివరకే సమృద్ధిగా ఉన్నది. పైగా అతడు కష్టపడి పది కిలోలు తగ్గెనా, లెప్టిన్ పడిపోవును; మెదడు దానిని కరవుగా ఎంచి ఆకలిని రేపును. తగ్గిన బరువు చాలామందికి తిరిగి వచ్చుటకు ఇది ఒక ముఖ్యకారణము.