పెరటి చెట్టు వైద్యానికి పనికి రావాలంటే...

పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదని సామెత. చేరువలో ఉన్నదానిని మనం చులకన చేస్తామని దాని భావం. మా ఇంట ఈ సామెత మరొక విధంగా నిజమైంది. మా పెరటి చెట్టు నిజంగానే వైద్యానికి పనికి రాలేదు. దోషం చెట్టుది కాదు, దానిని నాటిన నాది.

ఉద్యోగ విరమణ తరువాత, అనంతపురంలోని మా ఇంటి వెనుక ఉన్న మూడు సెంట్ల స్థలంలో ఔషధ మొక్కలు పెంచాలని సంకల్పించాను. నర్సరీ నుండి ఒకే రోజున నలభై మొక్కలు తెచ్చి, వెనుక ప్రహరీ గోడ వెంట వరుసలు తీర్చి నాటించాను. మార్చి నెలలో బోరు నీరు సన్నగిల్లింది. జూన్ నాటికి తొమ్మిది మొక్కలు మిగిలాయి. వాటిలో అడ్డసరం ఒకటి. అది ఇంటికి అన్నిటికంటె దూరపు మూలలో ఉండేది.

శ్రావణ మాసంలో ఒక ఉదయం, డెబ్బై నాలుగేండ్ల మా అమ్మ తన దగ్గుకు కషాయం పెట్టుకుందామని ఆ ఆకు కోసం వెళ్లింది. స్నానాల గది నీరు నిలిచి పాచి పట్టిన చోట కాలు జారి పడింది. మణికట్టు ఎముక విరిగి ఆరు వారాలు కట్టు వేయించవలసి వచ్చింది. కట్టుతో మంచం మీద కూర్చుని అమ్మ ఒక్క మాట అన్నది: "ఏమిరా నాయనా, మందు చెట్టేమో అంత దూరాన పెడితివి, నీళ్లేమో నా కాళ్ల కిందికి వదిలితివి."

తోటకు కావలసినది మొక్కలు మాత్రమే కాదు, ముందుగా ఒక ప్రణాళిక అని నాకు అప్పుడు తెలిసి వచ్చింది. ఆ వెతుకులాటలోనే పర్మాకల్చర్ అనే విద్య పరిచయమైంది.

పర్మాకల్చర్ అంటే ఏమిటి?

'శాశ్వత వ్యవసాయం' అని దీనిని మన భాషలో చెప్పుకోవచ్చు. ఆస్ట్రేలియాకు చెందిన బిల్ మోలిసన్, డేవిడ్ హోల్మ్‌గ్రెన్‌లు 1978లో ప్రచురించిన గ్రంథంతో ఈ పేరు లోకానికి తెలిసింది. అడవికి ఎవరూ నీరు పోయరు, ఎరువు వేయరు. అయినా అది ఏటేటా పచ్చగానే ఉంటుంది. అడవిలోని ఆ ఏర్పాటును గమనించి, మనకు కావలసిన ఆహారం, ఔషధం, కలప అదే పద్ధతిలో పండించుకోవడం ఈ విద్య సారాంశం. నేలను కాపాడటం, మనుషులను కాపాడటం, మిగులును పంచుకోవడం దీని మూడు నీతి సూత్రాలు. దీనికి 72 గంటల పాఠ్యక్రమం ప్రపంచమంతటా ప్రామాణికంగా ఉన్నది. తెలుగునాట జహీరాబాదు ప్రాంతంలో ఈ సాగు చాలాకాలంగా జరుగుతున్నది. 2017 నవంబరులో అంతర్జాతీయ పర్మాకల్చర్ సమావేశాలకు హైదరాబాదు వేదికైంది.

మొదటి పాఠం – పరిశీలన

వైద్యుడు రోగిని చూడకుండా మందు ఇవ్వడు. నేలకైనా అంతే. ఆయుర్వేదం ప్రదేశాలను జాంగల, ఆనూప, సాధారణ దేశాలుగా విభజించింది. నీరు తక్కువై, గాలి ఎక్కువగా ఉండే పొడి ప్రాంతం జాంగల దేశం. మా అనంతపురం అటువంటిదే. ఇక్కడ ఉసిరి, మునగ, సీతాఫలం, కలబంద సుఖంగా బ్రతుకుతాయి. నేను కోనసీమను మనసులో పెట్టుకొని మొక్కలు ఎంచాను.

మొక్క కొనడానికి ముందు ఒక కాగితంపై ఇంటి పటం గీయండి. ఎండ ఏ వేళ ఎక్కడ పడుతున్నదో, గాలి ఏ దిక్కు నుండి వీస్తున్నదో, వాన నీరు ఎటు పారుతున్నదో గుర్తించండి. వీలైతే మూడు కాలాలూ చూడండి. మా పెరటికి పడమటి ఎండ, నైరుతి గాలి శత్రువులని నాకు ఈ పటమే చెప్పింది. ఆ వైపున మునగ, కంది, సీతాఫలం దట్టంగా నాటి అడ్డు కట్టాను.

అడుగుల లెక్క

పర్మాకల్చర్‌లో స్థలాన్ని మండలాలుగా విభజిస్తారు. ఇల్లు సున్నా మండలం. రోజూ చేయి వేసేవి మొదటి మండలంలోను, వారానికి రెండు మూడు మార్లు చూసేవి రెండవ మండలంలోను ఉండాలి. పెద్ద పొలమైతే ప్రధాన పంటలు మూడవ మండలంలోను, కలప చెట్లు, పశుగ్రాసం నాల్గవ దానిలోను ఉంటాయి. ఐదవది మనిషి జోక్యం లేని అడవి భాగం.

మా పెరటికి మొదటి రెండే సరిపోయాయి. అమ్మ అడుగులే నాకు కొలత. వంటింటి గడప నుండి పది అడుగుల లోపల తులసి, వాము ఆకు, కరివేపాకు, అల్లం, అడ్డసరం నాటాను. అక్కడికి గరుకు బండలు పరిపించాను. నిమ్మ, దానిమ్మ ఆ తరువాత. ఉసిరి ఏడాదికి ఒక కాపు ఇచ్చేది కాబట్టి చివరన ఉన్నా నష్టం లేదు.

నీటి దారి

చదరపు మీటరు కప్పుపై ఒక మిల్లీమీటరు వాన పడితే ఒక లీటరు నీరు. మా డాబా సుమారు 56 చదరపు మీటర్లు. మా జిల్లాలో సాలీనా వాన సుమారు 550 మిల్లీమీటర్లు. అంటే ఏడాదికి దాదాపు 30 వేల లీటర్లు! ఇంతకాలం అది వీధి కాలువ పాలయ్యేది. ఇప్పుడు పునాదికి పది అడుగుల ఎడంగా తవ్విన ఇంకుడు గుంతలోనికి పోతున్నది. వాలు ఉన్న పొలాలలో వాలుకు అడ్డంగా, సమతలంగా కందకాలు తీస్తే వాన నీరు పరుగు మాని ఇంకుతుంది.

స్నానాల గది నీటిని గులకరాళ్లు నింపిన చిన్న గుంట గుండా అరటి, మెట్టతామర పాదులకు మళ్లించాను. మన పూర్వీకులు జలదారి పక్కనే అరటి నాటినది ఇందుకే. ఈ నీరు పైకి నిలువరాదు, దోమలు చేరుతాయి. ఆకుకూరలకు, దుంపలకు పెట్టరాదు.

ఒకదానికొకటి తోడు

కంది వేళ్ల బుడిపెలలోని సూక్ష్మజీవులు గాలిలోని నత్రజనిని నేలకు చేరుస్తాయి. మునగ పల్చని నీడలో పసుపు, అల్లం పెరుగుతాయి. రాలిన ఆకును తగులబెట్టకుండా మొక్కల చుట్టూ మూడు నాలుగు అంగుళాల మందాన పరచండి, కాండానికి తగలనీయకండి. తేమ నిలుస్తుంది, కలుపు తగ్గుతుంది, క్రమంగా అదే ఎరువవుతుంది. ఇదివరకు రోజూ తడిపే పాదులను నేను ఇప్పుడు వేసవిలో సైతం మూడు రోజులకొకసారి తడుపుతున్నాను.

అన్నీ ఫలించాయని చెప్పను. బొప్పాయి రెండు మార్లు గాలికి విరిగింది, సరస్వతి ఆకు ఎండకు తాళలేక పోయింది. ఈ తోట సొంత కాళ్లపై నిలవడానికి కొన్నేళ్లు పడుతుంది. మొదటి రెండు వేసవులూ మన సాయం తప్పనిసరి.

కొన్ని జాగ్రత్తలు

గుర్తు తెలిసిన మొక్కనే మందుగా వాడండి. తిప్పతీగ వలె కనిపించే ఇతర తీగలు ఉన్నాయి. కాలేయ వ్యాధి ఉన్నవారు తిప్పతీగను వైద్యుని అడగకుండా వాడరాదు. గర్భిణులు అడ్డసరం తీసుకొనరాదు. రెండు మూడు వారాలకు మించిన దగ్గును కషాయాలతో కప్పిపుచ్చక వైద్యునికి చూపించాలి.

అమ్మ మణికట్టు చలికాలంలో ఇప్పటికీ నొప్పి పెడుతుంది. అయినా అడ్డసరం ఆకు కోసం ఆమె ఎవరినీ పిలవదు. గడప దిగి, నాలుగు అడుగులు వేసి, తానే కోసుకుంటుంది. పాఠకులు తమ పెరటి పటం గీసేటప్పుడు ఇంట్లో అందరికంటె మెల్లగా నడిచే వారెవరో ముందు చూడండి. వారి అడుగులతో కొలిచి, మొదటి మొక్కను అక్కడే నాటండి.