రాయి దొరకని నేలపై గోథిక్ వైభవం: కోల్‌కతా సెయింట్ పాల్స్ కేథడ్రల్

కోల్‌కతాలో విక్టోరియా స్మారక భవనానికి చేరువలో తెల్లగా నిలిచిన సెయింట్ పాల్స్ కేథడ్రల్‌కు 1839 అక్టోబరు 8న శంకుస్థాపన జరగగా, సరిగ్గా ఎనిమిదేళ్లకు, 1847లో అదే తేదీన ప్రతిష్ఠ జరిగింది. బిషప్ పీఠం ఉండే చర్చిని కేథడ్రల్ అంటారు. అంతకుముందు ఆ హోదా అనుభవించిన సెయింట్ జాన్స్ చర్చి పెరుగుతున్న రాజధానికి చాలకపోవడంతో బిషప్ డేనియల్ విల్సన్ ఈ కొత్త కట్టడాన్ని తలపెట్టాడు. దీనికి రూపకల్పన చేసిన విలియం నైర్న్ ఫోర్బ్స్ సైనిక ఇంజనీరు. అదే నగరంలో గ్రీకు దేవాలయపు పోలికలో టంకశాలను నిర్మించినవాడూ ఆయనే.

మొనతేలిన కమానులు, ఎత్తైన కిటికీలు, ఆకాశాన్ని తాకే శిఖరాలు ప్రధాన లక్షణాలుగా 12వ శతాబ్దపు ఫ్రాన్సులో రూపుదిద్దుకున్న గోథిక్ శైలికి రాయే ప్రాణం. ఒండ్రుమట్టి మీద వెలసిన కోల్‌కతాకు ఆ రాయి దొరికే భాగ్యం లేదు. సెయింట్ జాన్స్ చర్చికి పాత గౌడ నగర శిథిలాల నుంచి రాయి తరలించవలసి రావడం, జనం దాన్ని ‘పాథురే గిర్జా’, అంటే రాతి చర్చి, అని ప్రత్యేకంగా పిలవడం ఆ కొరత ఎంతటిదో చెబుతాయి. ఫోర్బ్స్ అందుకే తేలికగా ఉంటూనే బరువు మోయగలిగేలా ప్రత్యేకంగా చేయించిన ఇటుకతో గోడలు లేపి, అంచులకు మాత్రం చునార్ రాయి వాడి, లోపలా బయటా నున్నగా మెరిసే సున్నపు పూత వేయించాడు. డంగు సున్నంతో మెరిసే పాత మేడలను చూసిన తెలుగువారికి ఈ పనితనం కొత్తగా తోచదు.

247 అడుగుల పొడవు, 81 అడుగుల వెడల్పు గల ఈ చర్చి లోపలికి అడుగుపెడితే, ఐరోపా గోథిక్ చర్చిలలో చూపుకు అడ్డుపడే స్తంభాల వరుసలు లేకుండా ఒకే విశాలమైన మండపం ఎదురవుతుంది. పైకప్పును మోసేవి ఇనుప దూలాలు. వాటికే గోథిక్ జాలీ అల్లికను తొడిగి, నిర్మాణ అవసరాన్ని అలంకారంగా మలచడం ఈ కట్టడంలోని అసలైన తెలివి. తూర్పున బలిపీఠం వెనుక ఆర్థర్ బ్లూమ్‌ఫీల్డ్ రూపొందించిన అలంకరణ ఉంది. అయితే ఈ చర్చికి మకుటం పడమటి కిటికీయే. 1872లో అండమాన్‌లో హత్యకు గురైన వైస్రాయి లార్డ్ మేయో స్మృత్యర్థం, ఎడ్వర్డ్ బర్న్-జోన్స్ గీసిన చిత్రాల ఆధారంగా 1880లో దీనిని రంగుటద్దాలతో తీర్చారు. పాలకుడి కీర్తి కోసం వెలసిన ఆ కిటికీ ముందు నిలిచే సందర్శకులకు నేడు మేయో గుర్తుకు రాకపోవచ్చు గాని, ఆ రంగులు మాత్రం మరపునకు రావు.

ఇంగ్లండులోని నార్విచ్ కేథడ్రల్‌ను అనుసరించి కట్టిన, 201 అడుగుల ఎత్తున్న సూదిమొన శిఖరం ఈ నేలకు ఇమడలేదు. 1897 జూన్ 12 నాటి భూకంపంలో అది దెబ్బతింటే తిరిగి కట్టారు. 1934 జనవరి 15న బీహారు, నేపాల్‌లను కుదిపిన భూకంపంలో మళ్లీ కూలింది. ఆ తరువాత శిఖరం ఆశ వదులుకుని, కాంటర్బరీ కేథడ్రల్‌లోని బెల్ హ్యారీ గోపురం నమూనాలో, చతురస్రాకార గోపురాన్ని 1938లో పూర్తి చేశారు. కట్టడపు నిండుదనానికి ఈ మొద్దు గోపురమే బాగా నప్పింది.

రాయికి కరువులేని తెలంగాణలో, 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠించిన మెదక్ కేథడ్రల్ కూడా గోథిక్ శైలిదే. దాని గోపురం 175 అడుగులు. అక్కడి రంగుటద్దాల కిటికీలను చూసినవారు కోల్‌కతా వెళ్లినప్పుడు సెయింట్ పాల్స్‌ను మధ్యాహ్నం దాటాక దర్శిస్తే మంచిది. పడమటి కిటికీపై ఎండ పడేది ఆ వేళలోనే.