చలిపొద్దు నడక, పిల్లల గోల

చలికాలంలో పిల్లల్ని లేపడమే పెద్ద పని. అందులో మన సోలాపూర్ చద్దరు కప్పుకున్న పిల్లల్ని లేపాలంటే ఇంకేం చెప్పాలి! వాళ్ల నాన్న సాంచా మీద నేసిందే, దాన్ని చుట్టుకున్నాక మా పదకొండేండ్లవాడు ఎవరికీ దొరకడు. ఆరేండ్ల పిల్ల "మలా నాహీ యాయ్‌చ" అని మరాఠీలో మొదలుపెట్టి తెలుగులో ఏడుస్తుంది.

అయినా ఐతారం వస్తే బయల్దేరక తప్పదు. మా మామను డాక్టరు మెల్లగా నడవమన్నారు. ఎండ వచ్చినంకనే, ముక్కుకు మఫ్లరు కట్టుకొని. మామ చాలా ఏండ్లు మిల్లులో స్పిన్నింగ్ ఖాతాలో చేసిండు. దూది నుసి ఏండ్ల తరబడి పీల్చినవాళ్లకు ఛాతీ పట్టేస్తుంది, ఆయాసం వస్తుంది. సెలవు తర్వాత పనిలోకి పోయిన మొదటి రోజు ఇది మరీ ఎక్కువగా ఉంటుంది. మన ఇండ్లల్లో ఈ దగ్గు తెలియనివాళ్లు ఎంతమంది? ఆయన్ని ఒక్కణ్ణే పంపడానికి నాకు ధైర్యం చాలదు. పిల్లల్ని ఇంట్లో వదిలిపోదామంటే అత్త బీడీల లెక్క తప్పుతుంది.

ఒక సాక్సు దొరకదు. తాళం వేసినంక చిన్నదానికి పాయఖానా గుర్తొస్తుంది. సాఖర్ పేట దాటకముందే ఎవరి మెట్ల మీదనో కూలబడుతుంది. నడిస్తే ఆరోగ్యం అని చెప్పి చూసిన. పదకొండేండ్లవాడికి ఆరోగ్యంతో ఏం పని? తిట్టి చూసిన, అదీ నాలుగడుగులే పనిచేసింది.

చివరికి పని అప్పజెప్పిన. 12వ శతాబ్దంలో సిద్ధరామేశ్వరుడు ఊరి చుట్టూ 68 లింగాలు పెట్టిండని, సంక్రాంతి గడ్డా జాతరలో 7 నందిధ్వజాలు ఊరేగుతాయని చిన్నదానికి చెప్పిన. అంతే, ఎక్కడిదో కట్టె ఏరుకొని ఎనిమిదో నందిధ్వజం తనదే అన్నది. దాన్ని నిలబెట్టి నడుస్తూ ఒక ఆటో అద్దానికి తగిలించింది. ఆటోవాలా నవ్విండు కాబట్టి సరిపోయింది.

పెద్దోడికి తాత నీళ్ల సీసా, మందు పంపు ఇచ్చిన. వాడు ఉరికి ముందుకు పోవడం, మళ్లీ వెనక్కి రావడం. "తాతా, ఊకె ఎందుకు ఆగుతవు?" అని విసుక్కున్నడు.

"ఇదే తొవ్వల పొద్దుటి పాళీకి పోయేటోణ్ణి. భోంగా మోగేలోపల గేటు దాటాలె. అప్పుడు నన్ను ఎవరూ అందుకోకపోయేది."

"మరి ఇప్పుడు?"

మామ ఛాతీ మీద చెయ్యి పెట్టుకున్నడు. "దూది లోపల్నే కూసుంది బిడ్డా."

వాడు మారుమాట్లాడలేదు. ఆ తర్వాత మూలమూలకూ తాతకంటే ముందు వాడే ఆగిండు, బూటు లేసు ఊడిందంటూ. లేసు ఊడనేలేదు, నేను చూస్తనే ఉన్న.

సిద్ధేశ్వర్ చెరువు కాడ హుర్డా బండి కనిపించింది. లేత జొన్నకంకులు నిప్పుల మీద కాల్చి, నలిచి, శేంగా చట్నీతో ఇస్తున్నరు. మన పెద్దవాళ్లు ఊరికాడ ఊస బియ్యం అనేది అదే. పొట్టు గొంతుకు తగిలితే మామకు దగ్గు ఆగదు. పెద్దోడు గింజల్ని అరచేతిలో రుద్ది, పొట్టు ఊది, తాత చేతిలో పోస్తూ కూసున్నడు. చెల్లెకు మాత్రం ఒక్క గింజ పెట్టలేదు. ఆ కొట్లాట ఇంటిదాకా నడిచింది.